పొద్దెక్కినాక కొలిచిన గల్లీ

ఉద్యోగం చివరి రోజుల్లో నన్ను సముద్రం ఒడ్డున ఉన్న ఒక నగరానికి డిప్యుటేషన్ మీద పంపారు. ఆ ఏడు చేయాల్సిన పనుల జాబితాలో మొదటిది బీచ్ రోడ్డు. రాతి బెంచీలు, దీపస్తంభాలు, పూలతొట్లు గీసిన పటం నా బల్ల మీదికి సంతకానికి వచ్చింది.

"ఇక్కడ వలలు ఏ వేళకు ఆరబెడతారు?" అని అడిగాను.

పటం గీసిన ఇంజనీరు తాను వెళ్ళినప్పుడు వలలేవీ కనిపించలేదన్నాడు. ఎన్నింటికి వెళ్ళావంటే పదకొండింటికన్నాడు. నేను సంతకం పెట్టలేదు. మర్నాడు తెల్లవారుతుండగా ఇద్దరం వెళ్ళాం. బెంచీలు గీసిన చోటంతా వలలే పరిచి ఉన్నాయి. బెంచీలు రోడ్డు అవతలి పక్కకు మారాయి.

ఈ తెలివి నాకు చదువుతో రాలేదు. ఒక మనిషిని ఠాణాలో కూర్చోబెట్టి నేర్చుకున్నాను.

అది మా వైపు అన్నల కాలం, నక్సలైట్లను అలాగే అనేవాళ్ళం. నేను సిరిసిల్ల వైపు ఒక చిన్న పట్నంలో పురపాలక కార్యాలయంలో వర్క్ ఇన్‌స్పెక్టర్‌ని. ఊరి పేరు చెప్పను, చెప్పాల్సిన తప్పు ఊరిది కాదు. ఆ ఏడు మంచినీళ్ళకు మంజూరైన పని ఒక్క గల్లీకే సరిపోయేది. కౌన్సిల్‌లో చాలాసేపు వాదులాడుకొని నేతగాళ్ళ గల్లీని ముందు పెట్టారు. ఊరంతా కరెంటు మగ్గాలు వచ్చినా ఆ గల్లీలో ఇంకా చేతిమగ్గాలు ఆడుతుండేవి. అక్కడి ఆడవాళ్ళు రెండు గల్లీలు దాటి బోరింగు దగ్గర బిందెలు నింపుకొనేవారు. వాళ్ళకు నల్లాలు రావడం న్యాయం. అందులో నాకు అప్పుడూ అనుమానం లేదు, ఇప్పుడూ లేదు.

నేను మధ్యాహ్నం వెళ్ళి టేపు పట్టి కొలిచాను. గల్లీ ఖాళీగా, పొడుగ్గా, గీత గీసినట్టు ఉంది. బండ్లు రాని గల్లీ కదా అని మూడు నల్లా గద్దెలు సరిగ్గా నడిమధ్యన గీశాను. రెండు వైపుల ఇళ్ళకూ సమాన దూరం వచ్చిందని మురిసిపోయాను. రిపోర్టులో 'గల్లీవాసులను సంప్రదించడమైనది' అని రాశాను. ఎవరినీ సంప్రదించలేదు.

నేను కోరుట్లలో మగ్గం ఉన్న ఇంట్లో పుట్టినవాణ్ణి. పడుగంటే ఏమిటో నాకు ఒకరు చెప్పక్కర్లేదు. మగ్గానికి ఎక్కించే పొడుగు దారాల వరుస అది. తెల్లవారకముందే దాన్ని గల్లీ పొడుగునా కట్టెల మీద సాగదీసి, గంజి పట్టించి, మొగుడూ పెళ్ళాలు చెరో పక్క నిలబడి పెద్ద కుంచెతో ఈ కొస నుంచి ఆ కొస దాకా దువ్వుతారు. తడి ఆరేలోగా దువ్వకపోతే దారాలు ఒకదానికొకటి అంటుకుపోతాయి. ఎండ ముదిరే వేళకు పడుగు చుట్టి లోపల పెట్టేస్తారు, గల్లీ ఖాళీ అవుతుంది. చిన్నప్పుడు మా అమ్మకు ఎదురుగా నిలబడి నేనూ కుంచె పట్టాను. ఉద్యోగం వచ్చాక ఆ సంగతి ఎవరితోనూ అనేవాణ్ణి కాదు. అనకుండా ఉండీ ఉండీ మరిచేపోయాను.

గద్దెలు కట్టే చోట గుర్తుకని నేను కొట్టించిన గూటాలను మర్నాటికి ఎవరో పీకేశారు. మళ్ళీ కొట్టించాను. మళ్ళీ పీకారు. మూడోసారి పీకాక పై అధికారి సంజాయిషీ అడిగారు. గల్లీకి వెళ్ళి అడిగితే నేనెవరినీ సంప్రదించలేదని బయటపడుతుంది. అందుకని బల్ల దగ్గరే కూర్చొని రాశాను: 'తీవ్రవాదుల ప్రభావంతో కొందరు ప్రభుత్వ పనికి అడ్డుపడుతున్నారు.'

ఆ రోజుల్లో ఆ వాక్యం రాస్తే పైవాళ్ళు ఇంకో ప్రశ్న వేసేవారు కాదు. మాలో చాలామందికి అది అలవాటు. నిజంగా భయపడాల్సిన చోట్లు ఉన్నాయి, కాదనను. మా ఆఫీసు నుంచి ఆ గల్లీ కూతవేటు దూరం. అక్కడ నాకు భయమేమీ లేదు. బద్ధకం ఉంది, గర్వం ఉంది.

ఆ కాగితం ఎక్కడెక్కడ తిరిగిందో, పది రోజుల తర్వాత పొద్దున్నే ఒకామె మా ఇంటి ముందుకు వచ్చింది. మోచేతుల దాకా గంజి ఉంది.

"నల్లాల సారువు నువ్వేనా? మా ఆయనను ఠాణాకు పట్కపోయిండ్రు. గూటాలు పీకిండని, అన్నల మనిషని అంటున్నరు."

"పీకింది ఎవరమ్మా?"

"నేనే పీకిన. పడుగు నడుమకు వస్తున్నయి, ఇంకేం జెయ్యాలె? పీకి మా గోడకు పేర్చి పెట్టిన, ఒక్కటి పోలే. నువ్వు వస్తవు, చెప్తమనుకున్న. నువ్వేమో గూటాలనే పంపుతివి, నువ్వు రాకపోతివి."

నేను చొక్కా వేసుకొని ఆమె వెంట నడిచాను. గల్లీలో పడుగు సాగదీసినట్టే ఉంది. సగం దాకా గంజి పట్టించి ఉంది. నీళ్ళు చిలకరించి కాపాడాలని పక్కింటి ముసలావిడ చెంబు పట్టుకొని తిరుగుతోంది. నన్ను చూసి ఆగింది.

"గీయనేనా? మగ్గమోళ్ళ ఇంట్ల పుట్టినోడంట గదా, కోరుట్ల సుట్టాలు జెప్పిండ్రు! మా గల్లీలకు అన్నలెందుకొస్తరయ్యా, గీ గంజి వాసనకు ఎన్కకే పోతరు."

వంగి కుంచె అందుకోబోయాను. ఆ ఇల్లాలు నా చేయి ఆపింది.

"పడుగు పోతే పోనియ్యి సారూ. ఫస్టు మనిషిని తీస్కరా."

ఠాణాలో ఆయన వరండాలో గోడకు ఆనుకొని కూర్చున్నాడు. నా కంటే పదేళ్ళు పెద్ద. ఎస్సైతో, ఆ మాట నేను అబద్ధం రాశానని చెప్పాను.

"నువ్వే రాశావు, నువ్వే కాదంటున్నావు. ఏది నమ్మమంటావు?" అన్నాడు ఎస్సై.

"ఇప్పుడు చెప్పేది నమ్మండి" అన్నాను.

మధ్యాహ్నానికి వదిలారు. అప్పటికి పడుగు అట్టకట్టింది. దారాలు విడదీయబోతే పుటుక్కున తెగుతున్నాయి. నెల రోజుల పని అది. ఆయన తెగిన కొసలు ఏరుతూ కూర్చున్నాడు. నేను మాత్రం తప్పు దిద్దుకున్నాననుకొని ఇంటికి వెళ్ళి హాయిగా నిద్రపోయాను.

వారం తిరక్కుండానే ఎక్కడో అన్నల గొడవ ఏదో జరిగితే ఆయన్ని మళ్ళీ ఠాణాకు పిలిచారు. సాయంత్రం దాకా కూర్చోబెట్టి పంపారు. ఈసారి ఆయనే ఆఫీసుకు వచ్చాడు. చెప్పులు బయట విడిచి, కుర్చీ చూపినా కూర్చోలేదు.

"సారూ, నువ్వు నోటితోని చెప్పినవు. కాయితం మాత్రం గట్లనే ఉన్నది. ఆళ్ళు కాయితం సూసి పిలుస్తున్నరు. రేపు ఇంకో ఎస్సై అస్తడు, ఆయనకు నీ మాట ఎట్ల తెలుస్తది?"

"తప్పు నాదే, కాకా."

"నీదేనని నాకెర్కనే. ఆళ్ళకు రాయి."

పెద్ద గుమాస్తా నన్ను పక్కకు పిలిచి, అలాంటివి కాగితం మీద పెడితే ఉద్యోగానికే మచ్చ అన్నాడు. ఆయన మాట నిజమే. ఆ పూటంతా కలం ముట్టలేదు. సాయంత్రం రాశాను. సంప్రదించలేదని, అడ్డుపడినవారెవరూ లేరని, తీవ్రవాదుల మాట నేను కల్పించి రాశానని, ఆ మనిషికి ఏ సంబంధమూ లేదని. ఒక ప్రతి మా ఆఫీసులో, ఒకటి ఠాణాలో ఇచ్చి అందినట్టు సంతకాలు తీసుకున్నాను. నా ఉద్యోగ జీవితంలో నేను రాసిన వాటిలో పూర్తిగా నిజమైన మొదటి రిపోర్టు అదే. నాకు మెమో వచ్చింది, జగిత్యాల వైపు బదిలీ వచ్చింది. ఆయన్ని మళ్ళీ పిలవలేదు.

పోయేముందు ఆ గల్లీని ఇంకోసారి కొలవాలన్నాను. చీకటి విడుతుండగా వెళ్ళాను. కొత్త పడుగు సాగదీసి ఉంది. దానికి అటూ ఇటూ ఇద్దరు నడవడానికి ఎంత చోటు కావాలో కొలిచి, మిగిలిన దాంట్లో గోడల పక్కన నల్లాలకు గుర్తులు పెట్టాను. టేపు రెండో కొస ఆయన పట్టుకున్నాడు. నేను గుర్తు పెట్టిన చోటు చూసి తల అడ్డంగా ఊపాడు.

"ఆడ గాదు సారూ, ఇంకో బెత్తెడు గోడకు జరుపు. మా ఆమె మోచెయ్యి తగుల్తది."

జరిపాను.

"ఆ. గిప్పుడు రాస్కో" అన్నాడు.

రాసుకున్నాను.