పన్నెండు అడుగులకు పదిహేనేళ్లు

మా మావయ్య వెర్నెల్ టబ్స్‌కి పై వరసలో నాలుగు పళ్లు కట్టుడువి. ఒకటి మా మెంఫిస్ ఊళ్లో పోలీసు బూటుకి పోయింది, రెండు జైలు భోజనాల గదిలో ట్రే దెబ్బకి, ఇంకొకటి ఆయనే ఎవడినో తలతో కుమ్మినప్పుడు. అడిగితే వరసగా వేలు పెట్టి చూపిస్తూ చెప్పేవాడు, ఏ నగ ఎవరు పెట్టారో చెప్పుకున్నట్టు.

ఆయన మంచివాడని రుజువు చెయ్యడానికి ఇది రాయడం లేదు. పదిహేడో ఏట మందు కొట్టులో పిస్తోలు చూపించి గల్లా పెట్టె లాక్కున్నాడు. ఇరవై నాలుగో ఏట ఒక మనిషిని చక్రాలు విప్పే రాడ్డుతో దవడ రెండు ముక్కలయ్యేదాకా బాదాడు. ఆ మనిషి మా నాన్న. అంతకు ముందు రాత్రి నాన్న మా అమ్మ చెవి చిట్లేలా కొట్టాడట. నాకప్పుడు రెండేళ్లు. ఇరవై ఎనిమిదో ఏట మళ్లీ దోపిడీ. ఈసారి పదకొండేళ్లు లోపలున్నాడు. బయటికొచ్చేసరికి జుట్టు సగం పోయింది, బ్రేకుల పని మాత్రం చేతికి పట్టుబడింది.

ఇలా మూడుసార్లు శిక్ష పడ్డ మనిషి చేతికి తుపాకి తగలకూడదు. అది మా పేటలో అందరికీ తెలుసు. కాల్చనక్కర్లేదు. తనది కానక్కర్లేదు. దొరికితే చాలు, పదిహేనేళ్లకు తక్కువ వెయ్యడానికి జడ్జికి కూడా వీల్లేదు. పెరోలు ఉండదు.

అందుకే లామార్ రోడ్డు మీద మావయ్య పెట్టిన కార్ల షాపులో ఒక పద్ధతి ఉండేది. ఎవరు కారు తెచ్చినా ముందు ఖాళీ చెయ్యాలి. సీటు కింద ఉన్నది, డాష్‌బోర్డు అరలో ఉన్నది, తలుపు జేబులో దాచినది అన్నీ తీసుకుని నడుముకో సంచిలోకో మార్చుకోవాలి. ఆ తర్వాతే ఆయన స్టీరింగు ముందు కూర్చునేవాడు. డెబ్బై దాటిన ఎర్లీన్ గారిని కూడా వదిలేవాడు కాదు.

"అమ్మా, ఖాళీ చేశారా?"

"నా కారులో ఏముంటుందిరా, బైబిలుంది."

"బైబిలు కింద?"

"దానికి కాపలా ఉంది."

"ఆ కాపలావాణ్ని మీ సంచిలో కూర్చోబెట్టండి తల్లీ, నేనింకా బయట బతకాలి."

ఆవిడ తిట్టుకుంటూ రివాల్వరు తీసి సంచిలో వేసుకునేది. నేను కాలేజీ మానేసి అక్కడ పనికి చేరినప్పుడు మావయ్య నాకు మొదట నేర్పింది పానా పట్టడం కాదు, సీటు కింద టార్చి వెయ్యడం.

"ఒరేయ్ కాలేజీ," అనేవాడు నన్ను, "నీకు చదువెక్కలేదు. కనీసం ఇదైనా ఎక్కించుకో."

ఆగస్టులో ఒక శనివారం మధ్యాహ్నం మా పేటవాడే, బోల్స్ వచ్చాడు. వాడి మీద కూడా పాత కేసులున్నాయి. వెనక బ్రేకు కీచుమంటోందన్నాడు. మావయ్య ఖాళీ చెయ్యమనగానే సీటు కింద నుంచి నల్ల పిస్తోలు తీసి నడుము వెనక దోపుకున్నాడు. పక్క షాపు నుంచి తెచ్చిన వేయించిన చేప తింటూ గోడకు ఆనుకుని నిలబడ్డాడు. నేను కారు చక్రం విప్పుతున్నాను.

లెవాన్ అని ఇంకొకడు, కారు రోడ్డు మీద ఆపి నడుచుకుంటూ వచ్చాడు. వాడి తమ్ముడిని బోల్స్ నెల క్రితం పెట్రోలు బంకు దగ్గర పిస్తోలు మడమతో కొట్టి కన్ను పోగొట్టాడు. లెవాన్ తుపాకి తీశాడు. చెయ్యెత్తి కాల్చాడు. మొదటి గుండు బోల్స్ తొడలోకి, రెండోది పొట్ట పక్కనుంచి పోయింది. చేప ముక్క వాడి నోట్లోనే ఉంది. గోడ వెంట జారి కూర్చున్నాడు.

మూడోది కాల్చడానికి లెవాన్ దగ్గరికి వచ్చాడు. మావయ్య చేతిలో నట్లు విప్పే మూడడుగుల కడ్డీ ఉంది. దాంతో వాడి మణికట్టు మీద కొట్టాడు. ఎండు కొమ్మ విరిగినట్టు వినపడింది. తుపాకి ఎగిరి రోడ్డు మీద పడింది. లెవాన్ ఎడం చేత్తో మావయ్య గొంతు పట్టుకున్నాడు. మావయ్య కడ్డీ వాడి మోకాలి మీద దింపాడు, పడ్డాక పక్కటెముకల మీద ఇంకో రెండు. మూడోదానికి ఎత్తి, ఆపి, కడ్డీ అవతల పారేశాడు. ఆ ఆపడం నేను చూశాను. పాత వెర్నెల్ అయితే ఆపేవాడు కాదు. లెవాన్ కుంటుకుంటూ రోడ్డెక్కి, తన తుపాకి ఏరుకుని కారెక్కి పోయాడు.

అప్పటికే సైరన్లు వినపడుతున్నాయి. బోల్స్ రక్తం కారు కింద దాకా పారింది.

"అన్నా, తీసెయ్," అన్నాడు మూలుగుతూ. "నా నడుం దగ్గరుంది. అది దొరికితే ఆస్పత్రి నుంచి నేరుగా జైలుకే అన్నా."

మా పేటలో ఇది అలవాటు. దెబ్బ తిన్నవాడి ఒంటి మీద దొరకకూడనివి తీసేసి, పోలీసులు రాకముందే శుభ్రం చేస్తారు. దగ్గర ఎవరుంటే వాళ్లు. నేనే దగ్గరున్నాను. చెయ్యి చాచాను. పిడి నా వేళ్లకు తగిలింది.

మావయ్య నన్ను చెంప మీద కొట్టాడు. ఎంత గట్టిగా అంటే వెళ్లి చక్రం మీద పడ్డాను.

"చెయ్యి తియ్యరా! నీ పేరు మీద ఒక్క గీత లేదు. దానికి చెయ్యి తగిలిస్తే విరిచేస్తా!"

"మావయ్యా, నువ్వొద్దు, నీకు..."

"నోర్మూసుకో కాలేజీ."

నూనె గుడ్డ చుట్టి పిస్తోలు లాగాడు. వెనక సందులో పాత ఆయిల్ డ్రమ్ముంది, అందులో పడేద్దామని నడిచాడు. గోడ నుంచి వెనక గుమ్మానికి పన్నెండు అడుగులు. తర్వాత చాలాసార్లు నడిచి చూశాను. గుమ్మం దాటేసరికి సందులోంచి ఇద్దరు పోలీసులు ఎదురొచ్చారు.

మావయ్య రెండు చేతులూ తెరిచాడు. గుడ్డా తుపాకీ కింద పడ్డాయి. అయినా కరెంటు తుపాకి పేల్చారు. కింద పడి కొట్టుకుంటుంటే ఒకడు మెడ మీద మోకాలు పెట్టాడు. సిమెంటు మీద మొహం రుద్దుకుపోయి చెక్కిలి తోలు లేచింది. "ఊపిరాడట్లేదు సార్" అని కూడా అనలేదు ఆయన. "నా అల్లుడు చిన్నవాడు, వాణ్ని కొట్టొద్దు" అన్నాడు. నాకు ఇరవై రెండేళ్లు.

కోర్టులో నేను సాక్ష్యం చెప్పాను. తుపాకి బోల్స్‌ది అన్నాను. ప్రభుత్వ లాయరు నెమ్మదిగా అడిగాడు.

"గుమ్మం దగ్గర ఎవరి చేతిలో ఉంది?"

"డ్రమ్ములో పడెయ్యడానికి..."

"ఎవరి చేతిలో?"

"మా మావయ్య చేతిలో."

జ్యూరీ గంటలోపే తిరిగొచ్చింది. జడ్జి పెద్దావిడ. శిక్ష వేసే రోజు కాగితాలు ఒకటికి రెండుసార్లు తిరగేసింది. తన చేతిలో ఉంటే రెండేళ్లు వేసి పంపేదాన్నని, కానీ లేదని చెప్పింది. పదిహేనేళ్లు. మావయ్యకు అప్పటికి నలభై ఐదు.

బయట వరండాలో మా లాయరు సిగరెట్ వెలిగించి నాతో ఒక మాటన్నాడు. "నీ మీద కేసుల్లేవు. ఇరవై ఒకటి దాటాయి, ఇక్కడ తుపాకి పట్టుకోవడానికి అంతే చాలు. ఆ తుపాకి నువ్వు తీసుకుని కదలకుండా నిలబడి, పోలీసులు రాగానే కింద పెట్టి ఉంటే నీకేమయ్యేది కాదు."

ఆ తుపాకిని ఆ రోజు షాపులో చట్టప్రకారం ముట్టుకోగలిగింది నేనొక్కణ్నే. ఆ సంగతి మావయ్య బుర్రకి రాలేదు. ఆయన ఎరిగిన వాళ్లలో తుపాకి పట్టుకుని బాగుపడినవాడు లేడు.

రెండు నెలలకు చూడటానికి వెళ్లాను. మూడు గంటల ప్రయాణం. అద్దం అవతల కూర్చున్నాడు. ఎడం కన్ను కింద కొత్త కుట్లున్నాయి. నేను వాటినే చూస్తుంటే చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. ఎర్లీన్ గారి కారు ఎలా ఉందని అడిగాడు. తర్వాత ఫోను చెవికి బాగా ఆనించుకున్నాడు.

"ఒక్కటి చెప్పు. ఆ రోజు నిన్ను కొట్టకుండా ఉంటే? నువ్వే తీసి ఉంటే?"

లాయరు మాట నాలుక మీదే ఉంది. మావయ్య నా మొహమే చూస్తున్నాడు.

"నాకూ పడేది మావయ్యా," అన్నాను. "పదేళ్లకు తక్కువ వేసేవాళ్లు కాదు."

కుర్చీలో వెనక్కి వాలాడు. "చూశావా! మరి ఆ దెబ్బకి అలిగి, లోపల్నుంచి నేను చేస్తే నెల రోజులు ఫోను ఎత్తలేదు, గాడిదా," అని నవ్వాడు.