కాలు ఒకటే, కార్లు రెండు

నాకు తొమ్మిదేళ్లు నడుస్తున్నప్పుడు, చెరకు కోతల కాలంలో ఒక ఆదివారం, మా నాన్న నలుగురి ముందు మా అమ్మ చేతిలోంచి కారు తాళం తీసేసుకున్నాడు. నేను పక్కనే ఉన్నాను. తాళం పోయాక కూడా అమ్మ అరచెయ్యి కాసేపు అలాగే తెరుచుకుని ఉండడం చూశాను.

మేము ఫిజీలో, సబేటో లోయలో ఉండేవాళ్లం. చెరకు నాన్నది, ఇంటి వెనక కూరతోట అమ్మది. వారానికి మూడు రోజులు వంకాయలు, బెండకాయలు, అలసందకాయలు గంపలకెత్తి, మా పాత తెల్ల కారులో నాందీ బజారుకు తీసుకెళ్లి అమ్మేది. మా రోడ్డు మీద కారు నడిపే ఆడమనిషి అప్పట్లో ఆమె ఒక్కతే. ఆ కారు నాకన్నా పెద్దది. దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన కొన్నేళ్లకు జపాన్ నుంచి ఓడలో దిగిందట. మా ఇంటికి చేరేసరికి ముగ్గురు యజమానులు మారారు.

తాళం పోవడానికి ఆరు రోజుల ముందు, వాగు మీది ఇరుకు వంతెన దగ్గర, మా ముందు పోతున్న చెరకు లారీ ఆగింది. అమ్మ బ్రేకు తొక్కింది. కారు ఆగలేదు. సీటులోంచి లేచి రెండు కాళ్లతో తొక్కితే వేగం కాస్త తగ్గింది. ఇక దారి లేక పక్క చెరకుతోటలోకి తిప్పింది. నేను స్కూలు బట్టల్లో వెనక సీట్లో ఉన్నాను. ఎవరికీ దెబ్బ తగల్లేదు. వంకాయలు మాత్రం కారంతా దొర్లాయి.

ఆ సాయంత్రం అమ్మ నాన్నకు మూడు సంగతులు చెప్పింది. ఒకటి, పెడల్ రాయిలా బిగుసుకుంటోంది. రెండు, కాళ్ల దగ్గర బుస్సుమని చప్పుడు వస్తోంది. మూడు, బ్రేకు తొక్కినప్పుడల్లా ఇంజన్ ఆగిపోయేలా వణుకుతోంది. ఆ మూడూ ఇప్పటికీ నాకు అదే వరుసలో గుర్తున్నాయి.

ఆదివారం మధ్యాహ్నాలు మా షెడ్డులో మగవాళ్లు చేరి యంగోనా తాగుతూ కూర్చునేవారు. ఆ వేరు పొడిని నీళ్లలో కలిపి, ఒకే చిప్పతో వంతులవారీగా తాగడం మా దగ్గర అన్ని కులాలకూ అన్ని భాషలకూ అలవాటే. కార్లు బాగుచేసే మామయ్య, అంటే మా నానమ్మ తమ్ముడి కొడుకు, వాళ్లందరిలో పెద్ద గొంతు మనిషి. కుర్రతనంలో చెరకు మోపులు లారీలకెత్తిన ఆయన తొడ మా అమ్మ నడుమంత ఉండేది. నాన్న అడిగితే మా కారును మెయిన్ రోడ్డు దాకా నడిపి, తిరిగొచ్చి, ఇంకా దిగకుండానే, మా దగ్గరి హిందీ కలిపి, కారు బాగానే ఉందని తేల్చేశాడు.

"గాడీ ఠీకే హై బావా. చెల్లెమ్మ కాల్లోనే దమ్ము లేదు."

అందరూ నవ్వారు, నాన్న కూడా. తాళం తీసుకున్నది అప్పుడే. భయపడి తీసుకున్నాడని ఇప్పుడు నాకు తెలుసు, ఆ రోజు వెనక సీట్లో ఉన్నది నేను కదా. కానీ ఆ భయం అమ్మకు ఎగతాళిగానే అందింది. అమ్మ చెప్పిన మూడు సంగతుల్లో ఒక్కదాన్నీ మామయ్య అడగలేదు, నాన్న చెప్పలేదు. నానమ్మ కారు అద్దానికి నిమ్మకాయ, పచ్చిమిరపకాయలు కట్టించి తన వంతు వైద్యం చేసింది.

ఇక అమ్మ గంపలు బస్సెక్కించింది. బస్సులో సగం కూరలే పట్టేవి, మిగతా సగం తోటలో ముదిరిపోయేవి. ఆ వారంలోనే నాందీ టాక్సీ స్టాండులో ఒక ముసలి డ్రైవరుకు ఆ మూడు సంగతులూ చెప్పింది. ఆయన చివరిదాకా విని, బ్రేకు సర్వో పోయి ఉంటుందన్నాడు. దాన్ని పట్టుకునే పరీక్షలు కూడా నేర్పాడు.

సర్వో అంటే అన్నం పళ్లెమంత వెడల్పున్న గుండ్రటి రేకు డబ్బా. లోపల రబ్బరు పొర ఉంటుంది. ఇంజన్ ఆ డబ్బాలోని గాలిని పీల్చేస్తుంది, ఆ పీల్పు మన కాలి బలానికి తోడవుతుంది. రబ్బరు చిరిగితే తోడు పోతుంది, మిగిలేది ఒంటి కాలి బలమే. మామయ్య కాలికి అది చాలింది. అందుకే ఆయనకు లోపం కనబడలేదు.

తర్వాతి ఆదివారం మామయ్య తన కారులో వచ్చాడు. అదీ మా కారు రకమే. అమ్మ తడి చేతులు గౌనుకు తుడుచుకుంటూ షెడ్డులోకి వచ్చింది.

"అన్నయ్యా, మీ కారు తాళం ఇవ్వండి. పారిపోనులే."

నవ్వుతూ ఇచ్చాడు. అమ్మ రెండు కార్ల చక్రాలకూ రాళ్లు పెట్టి, హ్యాండ్‌బ్రేకులు లాగి, గేర్లు న్యూట్రల్‌లో ఉంచి, నన్ను మామయ్య సీట్లో కూర్చోబెట్టింది. ఇంజన్ ఆపి ఉండగా, డబ్బాలో మిగిలిన పీల్పు తీరిపోయేలా పెడల్‌ను ఐదుసార్లు తొక్కమంది. ఐదోసారికి గట్టిపడింది. అలాగే తొక్కి పట్టుకోమని, కిటికీలోంచి చెయ్యి పెట్టి తాళం తిప్పింది. ఇంజన్ అందుకోగానే పెడల్ నా కాలి కింద బురదలోకి దిగినట్టు మెత్తగా దిగింది.

తర్వాత మా కారు. తాళం నాన్న జేబులో ఉంది కాబట్టి ఆయన్నే వచ్చి తిప్పమంది. ఐదుసార్లు తొక్కాను, పట్టుకున్నాను, ఇంజన్ మొదలైంది. పెడల్ కదల్లేదు. కాళ్ల దగ్గర బుస్సుమంది. నాన్న ఆ చప్పుడు విన్నాడు.

పిల్లాడు సరిగ్గా తొక్కలేదేమోనన్నాడు మామయ్య.

అమ్మ గొంతు పెంచలేదు. "కాలు ఒకటే అన్నయ్యా, కార్లు రెండు. వీడి కాల్లో దమ్ము మీ కార్లో ఉండి, మా కారు ఎక్కేసరికి పోయిందా?"

ఈసారి ఎవరూ నవ్వలేదు. సర్వో కాదేమో, దాని గొట్టం పోయిందేమో అన్నాడు మామయ్య. అమ్మ ఇంటివైపు చూసి అగరుబత్తి అడిగింది. పూజ గూట్లో మిగిలింది ఒక్కటే. నానమ్మ దాన్ని తానే తెచ్చిచ్చింది. "ఇదిగో తీస్కో. దేవుడికి రేపు ఎలిగిస్తాలే."

ఇంజన్ నడుస్తోంది. పెడల్ మీద ఎవరి కాలూ లేదు. పెడల్ కడ్డీ సర్వోలోకి దూరే చోట అమ్మ అగరుబత్తి పట్టుకుంది. పొగ పైకి లేవకుండా, సూదిలోకి దారం ఎక్కినట్టు ఆ సందులోకి పోయింది. అక్కడ పీలుస్తోందంటే చిరుగు గొట్టంలో కాదు, డబ్బాలోనే. మామయ్య కారులో అదే చోట పట్టుకుంటే మామూలుగా పైకి లేచింది. మామయ్య మోకాళ్ల మీద కూర్చుని చాలాసేపు చూశాడు. లేచాక, "సర్వోయే," అన్నాడు.

బుధవారం మామయ్య పాత కార్లు విప్పే చోటునుంచి మంచి సర్వో ఒకటి తెచ్చాడు. విప్పుతానంటే అమ్మ స్పానర్ ఇవ్వలేదు. మీరు చెప్పండి, నేను విప్పుతానంది. ముందు గాలి గొట్టం లాగింది. బ్రేకు నూనె ఉండే మాస్టర్ సిలిండర్ తాలూకు రెండు నట్లు తీసి, పైపులు వంగకుండా దాన్ని ముందుకు జరిపింది. తర్వాత కారు లోపల వెల్లకిలా పడుకుని, తల పెడల్స్ కింద పెట్టి, కడ్డీ పిన్నూ వెనకాల నాలుగు నట్లూ తీసింది. చివరి నట్టు తుప్పుపట్టి గంటకు పైగా సతాయించింది. మామయ్య రెండుసార్లు చెయ్యి చాచాడు. రెండుసార్లూ అమ్మ తల తిప్పి కూడా చూడలేదు. కొత్తది బిగించి పరీక్ష చేస్తే పెడల్ దిగింది.

నాన్న తాళం తెచ్చి ఆమె ముందు పెట్టాడు. అమ్మ తీసుకోలేదు.

"అందరి ముందు తీసుకున్నారు. అందరి ముందే ఇవ్వండి."

గురువారం, శనివారం మళ్లీ బస్సులోనే వెళ్లింది. బాగైన కారు వాకిట్లో ఉంది, వంకాయలు తోటలో ముదురుతున్నాయి, నాన్న ఇంట్లో తక్కువ మాట్లాడుతున్నాడు. ఆదివారం షెడ్డు నిండాక నాన్న లేచి, అమ్మను పిలిచి, తాళం ఆమె చేతిలో పెట్టాడు. "తప్పు కారుది. కాలుది కాదు," అన్నాడు. అమ్మ ఆయన్నీ మామయ్యనీ వెనక సీట్లో ఎక్కించుకుని వాగు వంతెన దాకా వెళ్లింది. అక్కడ ఒక్క కాలితో బ్రేకు తొక్కితే వెనకవాళ్లిద్దరూ ముందు సీట్లు పట్టుకున్నారట.

తర్వాత నేను టెక్నికల్ కాలేజీలో చదివి, లౌటోకా పట్టణంలో ఒక వర్క్‌షాపులో చేరాను. లోపం వెతికేటప్పుడు ఒక్కసారికి ఒక్కటే మార్చాలని అక్కడ పుస్తకంలో చదివాను. అది నాకు అప్పటికే వచ్చు. బండి వచ్చినప్పుడు నింపే కార్డులో మొదటి గడి నడిపినవాళ్లు చెప్పింది రాయడానికి. ఆడవాళ్లో ముసలివాళ్లో వచ్చి చప్పుడు, వణుకు అని చెబితే మావాళ్లు చాలామంది అది వదిలేసి తమకు తోచింది రాస్తారు. నేను వాళ్ల మాటల్లోనే, వాళ్లు చెప్పిన వరుసలోనే రాస్తాను. ఒకసారి మా పై అధికారి ఆ గడిలో డ్రైవరు తప్పు అని రాయమన్నాడు. రాయలేదు. ఆ గడి ఆయనది కాదు, నాదీ కాదు. బండి నడిపిన మనిషిది.