టేపుకు ఆవలి కొస

మొన్న మా బండల పాలిష్ ఫ్యాక్టరీకి యజమాని కొడుకు కొత్త కొలత యంత్రం తెచ్చాడు. అగ్గిపెట్టెకన్నా కాస్త పెద్దది. ఒక గోడకు ఆనించి మీట నొక్కితే ఎదుటి గోడమీద ఎర్ర చుక్క పడి, అడుగులూ అంగుళాలూ అద్దంలో కనిపిస్తాయి. నమ్మకం చాలక నా టేపుతో నాలుగుసార్లు సరిచూశాను, నాలుగుసార్లూ రెండూ ఒకటే చెప్పాయి. సంతోషించవలసిన సంగతే. కానీ ఇంటికి వస్తున్నంతసేపూ డోన్‌లోని ఒక చిన్న గదీ, అక్కడ నా టేపుకు ఆవలి కొస పట్టుకున్న ఒక పెద్దాయన వేళ్ళూ గుర్తుకొస్తూనే ఉన్నాయి.

ఏడో తరగతితో బడి మానినవాణ్ణి నేను. లెక్క నాకెవరూ నేర్పలేదు, బేతంచెర్ల బండలమీద సుద్దముక్కతో రాసుకుంటూ చెరుపుకుంటూ నాకు నేనే నేర్చుకున్నాను. లారీకి బండలు ఎత్తుతుండగానే మొత్తం చదరపుటడుగులు నోటితో చెప్పేవాణ్ణని చుట్టుపక్కల పేరుండేది, నాకున్న గర్వమల్లా అదొక్కటే. తాగుడు ఎప్పుడు మొదలైందో మాత్రం ఇంత లెక్కలవాణ్ణయినా చెప్పలేను. రాతి దుమ్ము గొంతు దిగాలని ఒక గుక్కతో మొదలుపెట్టిన జ్ఞాపకం. ముప్పై నాలుగో ఏటికి పొద్దున్నే ఆ గుక్క పడనిదే వేళ్ళమధ్య సుద్దముక్క నిలిచేది కాదు.

ఆ రోజుల్లోనే కోయిలకుంట్లలో మా అక్క వంటింటి అరుగుకు బండ కొలిచి కోయించాను. తీసుకుపోయి పెడితే నాలుగంగుళాలు తక్కువ వచ్చింది. అక్క ఆ సందులో చెక్కముక్క దూర్చి దానిమీద ఉప్పుజాడీ పెట్టింది. నేను బయలుదేరుతుంటే గడప దగ్గర ఆపింది. "డోన్‌లో రైల్వే క్వార్టర్ల ఎనకాల ఆదివారం పొద్దున తాగుడు మానినోళ్ళు కూచుంటారంట, ఆస్పత్రి నర్సమ్మ చెప్పినాది. ఒగసారి పోయి రారా. నీ లెక్క తప్పితే నాకు ఏడుపొస్తాది" అంది.

పోవడం కష్టం కాదు, దారి అడగడం కష్టం. ఆ చోటెక్కడని అడిగితే నేను తాగుబోతునని నా నోటితో నేనే చెప్పినట్టు. ఊరందరికీ తెలిసిన సంగతే అయినా నా నోట రావడం వేరు. మొదటి ఆదివారం క్వార్టర్ల చుట్టూ మూడుసార్లు తిరిగి, ఎవరినీ అడగకుండా, టీ తాగి తిరుగు రైలెక్కాను. రెండో ఆదివారం ఒక పాత ట్యూషన్ గది ముందు ఐదు జతల చెప్పులు కనిపించాయి, లోపలినుంచి నవ్వులు వినిపించాయి. తాగనివాళ్ళు పొద్దునపూట అంత నవ్వుతారని నేనెన్నడూ అనుకోలేదు. రైల్వేలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన గుమ్మంలోకి వచ్చి, "ఎవరు గావాలప్పా?" అన్నాడు. నా చేయి జేబులోని టేపుమీద పడింది. "బండలు పరిచేదానికి కొలతలకొచ్చినా" అనేశాను.

ఆ గదికి ఎవరూ బండలు అడగలేదు. ఆయన నా చేతులకేసి ఒక్కసారి చూసి, "అట్లనా, మంచిది. ఆ కొస నాకియ్యి" అని టేపు లాక్కుంటూ పోయి మూలన గొంతుక్కూర్చున్నాడు. తక్కినవాళ్ళు లేచి కుర్చీలు జరిపారు. నేను లెక్క కట్టి, గుమ్మం పక్కన సుద్దతో నూట తొంభై నాలుగు అని రాశాను. సరిచూడాలనే సాకుతో మరుసటి ఆదివారం మళ్ళీ పోతే రెండు వందల ఏడు వచ్చింది. మూడోసారి టేపు తీయబోతుంటే, ఆయన ఆ రెండు అంకెలూ చూపించి, "ఏమప్పా, మా గది వారవారం పెరుగుతాండాదా?" అన్నాడు. అందరూ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది, ఆ వెనకే ఏడుపూ వచ్చింది. టేపు కిందపెట్టి కుర్చీలో కూర్చుని, "నేను తాగుతాండా. మానలేకుండా ఉండా" అన్నాను. ఎవరూ నీతులు చెప్పలేదు. ఒకాయన టీ తెచ్చి సగం గ్లాసే పోసిచ్చాడు. నిండా పోస్తే నా చేతిలో ఒలుకుతుందని వాళ్ళకు తెలుసు.

ఆ తర్వాత రెండుసార్లు జారాను, రెండుసార్లూ పోయి వాళ్ళకే చెప్పుకున్నాను. ఎండాకాలం పోయి తొలకరి పడేనాటికి టీ గ్లాసు నిండుగా పట్టుకోగలిగాను. ఆరోజు నేనే అడిగి ఆయనకు టేపు కొస ఇచ్చాను. పొడవు పదహారడుగుల తొమ్మిదంగుళాలు, వెడల్పు పన్నెండడుగులు, మొత్తం రెండు వందల ఒకటి. మళ్ళీ కొలిచినా అంతే. "అంతే ఉంటాది, సిమెంటు చేయించినప్పుడు నేనే కొలిచినా" అన్నాడాయన. మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేమని నిష్ఠూరమాడితే, "చెప్పింటే, కొలిచేదానికి మళ్ళా వచ్చేవానివా?" అన్నాడు.

ఆయన పోయి ఆరేళ్ళయింది. అక్క వంటింట్లో ఆ చెక్కముక్క ఇంకా అట్లాగే ఉంది, కొత్త బండ వేయిస్తానన్నా ఒప్పుకోదు. ఇప్పటి కుర్రవాళ్ళు ఫోన్‌లో దారి చూసుకుని నేరుగా గదికి వచ్చి, ఇదేనా అని అడిగి కూర్చుంటారు. మంచిదే, నాలాగా సాకులు వెతుక్కుంటూ వారాలు పోగొట్టుకునే పని లేదు. కొత్త యంత్రమూ మంచిదే, చేయి వణికే మనిషి నొక్కినా అంకె తప్పదట, ఆవలి కొస పట్టడానికి ఇంకొకరు అక్కర్లేదు.

నిన్న ఆదివారం దాన్ని అడిగి తీసుకుని డోన్ పోయాను. అందరూ వెళ్ళిపోయాక గోడకు ఆనించి నొక్కాను. పదహారడుగుల తొమ్మిదంగుళాలు, రెప్పపాటులో చెప్పింది. ఎర్ర చుక్క ఆయన గొంతుక్కూర్చునే మూలన పడి, కాసేపుండి, ఆరిపోయింది.