మోకాలి లోతు నదులు

మా స్కూల్లో జిరాక్స్ మిషన్ నుంచి వేడి కాగితం చేతిలోకి వచ్చిందంటే చాలు, ఆ వాసనకు సన్యాసిరావు బాబాయి గుర్తొస్తారు. నర్సీపట్నంలో మా పక్కింట్లోనే ఆయన జిరాక్స్ షాపు. పేరుకే సన్యాసి, వరలక్ష్మి పిన్ని లేనిదే పూట గడవదు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, వైజాగ్ నుంచి వచ్చిన కుర్రాడెవరో తీయించుకున్న ఇంగ్లీషు ఆటపుస్తకం కాపీ ఒకటి షాపులో ‘పొరపాటున’ మిగిలిపోయింది. ఆ ఆటలో ఒకరు కథ చెబుతారు. మిగతావారు అందులో వీరులై, పాచిక వేసి ఏం జరిగిందో తేల్చుకుంటారు. పుస్తకం మొత్తంలో బాబాయికి అర్థమైంది మొదటి పేజీలోని వేళాకోళపు హెచ్చరికలే. రూల్సు రాకపోయినా రూలింగు మాత్రం ఆయనదే. ఆదివారం మధ్యాహ్నం షట్టరు సగం దించి, తాను రాసిన హెచ్చరికలు గంభీరంగా చదివేవారు: “ఈ ఆటలో తగిలిన కత్తిపోట్లకు ఆసుపత్రిలో కట్టు కట్టరు. డ్రాగన్‌తో బేరమాడువారు సొంత పూచీపై ఆడవలెను. చచ్చిపోయినవారికి కూడా టీ ఇవ్వబడును.”

“ఆ టీ పెట్టేది నాను. నన్నడిగేరేటి?” అనేది పిన్ని.

ఆటలో పిన్ని ఓడ నడిపే నావికురాలు, నేను మంత్రగత్తెను. బీఈడీ చేసి ఖాళీగా ఉన్నదానికి అంతకంటే మంచి పోస్టు ఏముంటుంది?

ఒక ఆదివారం బాబాయి, “ఎదురుగా పెద్ద నది. పాచికెయ్యమ్మా,” అన్నారు. నేను పాచిక కింద పెట్టేశాను. అంతకుముందు ఏడు నాతవరం దారిలోని కాలువలో ఈతకు దిగిన మా తమ్ముడు తిరిగి రాలేదు. పిన్ని ఆయనకేసి ఉరిమి చూసింది. బాబాయికి అప్పుడు గుర్తొచ్చింది. హెచ్చరికల కాగితం లాక్కుని, కింద ఇంకో వాక్యం రాసి చదివారు: “ఈ రాజ్యంలో నదులన్నీ మోకాలి లోతే. అంతకుమించి కావలసినవారు దరఖాస్తు పెట్టుకోవలెను.”

“మరి నా ఓడ ఏటవ్వాలండీ?” అంది పిన్ని.

“దిగి తోసుకెల్లు.”

నేను నవ్వేశాను. ఏడాదిగా నవ్వు లేని ఇంటినుంచి వచ్చినదాన్ని. ఆ నవ్వు సగంలోనే ఏడుపైంది. ఎవరూ ఆపమనలేదు. టీ వచ్చింది.

కొన్నాళ్ళకు నాకు నాతవరం స్కూల్లో ఉద్యోగం వచ్చింది. సోమవారంలోగా చేరకపోతే పోతుంది. ఆర్డరు జిరాక్స్ తీస్తూ బాబాయి, “బేగి ఎల్లి జాయినయిపో,” అన్నారు. “ఆ కాలువ దాటి రోజూ ఎలా వెళ్ళను బాబాయ్?” అన్నాను. ధైర్యం చెబుతారనుకున్నాను. తెల్లకాగితం చేతికిచ్చారు. “దరఖాస్తు రాయి. ఎంత లోతో నువ్వే సెప్పు.”

చాలాసేపటికి ‘నడుము దాకా’ అని రాశాను. ఆయన సంతకం చేసి స్టాంపు కూడా గుద్దారు. ఆదివారం ఆటలో ఆ నది దాటాను. మర్నాడు షేర్ ఆటోలో కాలువ వంతెన దాటాను; కళ్ళు మూసుకునే, కానీ దాటాను.

ఇరవయ్యేళ్ళుగా పాఠం మొదలుపెట్టేముందు అందులో ఏముందో పిల్లలకు చెబుతాను; ఎంతవరకు వినగలరో వాళ్ళనే చెప్పమంటాను. మొన్న వరద పాఠం అనగానే వెనక బెంచీలో ఒక పాప చెయ్యెత్తింది.

“వాన పడేదాకా ఇంటాను, టీచర్,” అంది.

ఆ రోజు వాన పడేదాకానే చదివాం.