ఎవరి మందుకు వాళ్ళ పత్యం

గౌసియాబీని తాండూరులో అందరూ 'తగ్గిందంటే నమ్మని సిస్టరమ్మ' అనేవాళ్ళు. జ్వరం తగ్గిందని మనిషి తన నోటితో చెప్తున్నా ఆమె వినేది కాదు. మెడకు చేతి వెనక వైపు ఆనించేది, నాలుక చాపమనేది, గోళ్ళు నొక్కి చూసేది, ఆ తర్వాత థర్మామీటరు పెట్టేది. థర్మామీటరు మీద కూడా ఆమెకు పెద్ద గురి లేదు. దులిపి రెండోసారి పెట్టేది.

నేను ఆమె పనిచేసిన దవాఖానలో కిటికీ వెనక కూర్చొని పదిహేడేళ్ళు మందులు కలిపిన కాంపౌండరును. పేరు రాజేందర్. ఆమెను ఆపా, అంటే అక్కా, అని పిలిచేవాణ్ణి. ఆమె అనుమానాలతో నాకు పొద్దు పోయేది, ఒక్కోరోజు తల పగిలేది. "ఆపా, నువ్వు పోలీసు ఠాణాల ఉండవలసిన దానివి, దారి తప్పి దవాఖానకు వచ్చినవు" అని ఎక్కిరించేవాణ్ణి. ఆమె నవ్వేది కాదు. కానీ నా మీద కోపం కూడా చేసేది కాదు.

ఆమె అనుమానానికి ఒక మధ్యాహ్నం కారణం. 1948 వానాకాలం. ఆమె పెనిమిటి ఖుద్దూస్ నాపరాళ్ళ గనిలో రాయి కొట్టేవాడు. తొమ్మిది రోజులు జ్వరంతో పడున్నాడు. తొమ్మిది రోజులూ గౌసియాబీ కన్ను మూయలేదు. పదో రోజు అత్త అలీమాబీ కొడుకు నుదురు ముట్టి చూసి, "సల్లబడ్డది. తగ్గింది బేటీ, నువ్వు లేచి తానం చేసి రా" అంది. ఈమె నమ్మి లేచింది. తల తుడుచుకుంటూ వచ్చేసరికి మనిషి లేడు. ఆ చల్లదనం జ్వరం పోయిన చల్లదనం కాదు.

మన భాషలో ఈ తగ్గడం అనేది దొంగ మాట. కాస్త నెమ్మదించినా తగ్గిందే, పూర్తిగా పోయినా తగ్గిందే. అలీమాబీ అబద్ధం చెప్పలేదు. అయినా ఆ మాట గౌసియాబీ చెవుల్లో ముల్లులా ఉండిపోయింది. పిల్లలు లేరు. రెండేళ్ళ తర్వాత అత్తను వెంటబెట్టుకొని పట్నం పోయి, ముప్పై దాటిన వయసులో నర్సు పని నేర్చుకొని వచ్చింది.

పట్నంలో రాసుకున్న నోటుబుక్కు ఒకటి ఆమె సంచిలో ఎప్పుడూ ఉండేది. ఉర్దూలో రాసుకున్న మొదటి పాఠాన్ని ఒకసారి నాకు తెలుగు చేసి చెప్పింది.

"ఆరోగ్యమంటే రోగం లేకపోవుడొక్కటే కాదట రాజేందర్. ఒంటికి, మనసుకు, నలుగుర్ల బతుకుడుకు మంచిగుండాల్నట."

"బాగనే ఉన్నది గద ఆపా?"

"ఏం బాగ? రోగం పోయిందంటెనే నాకు నమ్మబుద్ధి కాదు. ఇగ మంచిగుండుడు ఎవరు చూసిండ్రు? ముందుగాల రోగం సంగతి చూద్దాం, గది తర్వాత."

ఆ 'తర్వాత' రావడానికి ఏడేళ్ళు పట్టింది. అది బుగ్గమ్మ రూపంలో వచ్చింది.

బుగ్గమ్మది ధారూర్ దగ్గరి పల్లె. గొర్ల కాపరుల ఇల్లు. భర్త మల్లప్ప మందను తోలుకొని ఏడాదిలో సగం ఊళ్ళ మీద ఉండేవాడు. ఆమెకు క్షయ పట్టింది. వికారాబాద్‌లో అనంతగిరి గుట్ట మీది దవాఖానలో ఆరు నెలలు ఉండి, 1959 ఎండాకాలంలో దిగి వచ్చింది. దగ్గు నెమ్మదించింది, ఒళ్ళు చేసింది. ఇంకా ఏడాదిన్నర బిళ్ళలు మింగాలి, మధ్యలో మానితే రోగం మొండికెత్తుతుంది అని కాగితం రాసిచ్చి మా తాండూరు దవాఖానకు పంపారు.

ఆమెకు నాలుగేళ్ళ బిడ్డ, జంగమ్మ. తల్లికి రోగమని తెలిసిన రోజే అత్త బీరమ్మ ఆ పిల్లను కోట్‌పల్లిలో ఉన్న తన కూతురి ఇంటికి తోలేసింది. కోడలు గుట్ట దిగి వచ్చినా పిల్లను తేలేదు.

"సిస్టరమ్మ నోటితోని తగ్గిందని అననీ. అప్పుడే పిల్లను తెస్త. నీ మాట నేను నమ్మ" అని తెగేసి చెప్పింది.

బీరమ్మను దుర్మార్గురాలు అనుకోకండి. క్షయతో ఆమె మరిది, తోటికోడలు ఒకే ఇంట్లో పోయారు. భయపడే హక్కు ఆమెకుంది. కానీ చూడండి, ఊరు మొత్తంలో ఎవరి నోటి నుంచి ఆ మాట రావాలో, ఆ మనిషికే ఆ మాటంటే పడదు.

పదిహేను రోజులకోసారి బుగ్గమ్మ రైల్లో తాండూరు వచ్చి నా కిటికీ దగ్గర బిళ్ళలు తీసుకునేది. "తగ్గిందా?" అని నేనడిగితే ముఖమంతా వెలుగు చేసుకొని "మొత్తం తగ్గింది సాబ్, జర సిస్టరమ్మకు చెప్పరాదు" అనేది. నెలకోసారి గౌసియాబీ ధారూర్ పోయి, స్టేషన్‌లో సామాన్లు తూచే కాటా మీద ఆమెను నిలబెట్టేది. "లగేజీ రసీదు కొట్టమంటరా సిస్టరమ్మా?" అని స్టేషన్ మాస్టరు పరాచికమాడేవాడు.

గుట్ట దిగిన రోజు బుగ్గమ్మ నలభై ఎనిమిది సేర్లు. రెండు నెలలకు నలభై ఆరు. నాలుగు నెలలకు నలభై నాలుగు. దీపావళి వెళ్ళేసరికి నలభై ఒకటి. మనిషి నవ్వుతూనే ఉంది, తగ్గిందంటూనే ఉంది. తగ్గుతున్నది ఆమే.

గౌసియాబీకి నిద్ర పట్టలేదు. పగలంతా నా కిటికీ దగ్గర నిలబడి అనుమానాలు ఏకరువు పెట్టేది.

"బిళ్ళలు మింగుతలేదు. చేదని ఊంచేస్తున్నది."

"మింగకపోతే దగ్గు తిరిగి రావాలి గద ఆపా?"

"వస్తది. వచ్చినంక ఏం చేస్తవ్?" ఇంకో రోజు, "గా బీరమ్మ దాచిపెడుతున్నదేమో. కోడలు మంచిగైతే పిల్లను ఇయ్యాల్నని." మరో రోజు, "మల్లప్ప గొర్లకు ఏస్తున్నడేమో! గొర్లు దగ్గుతె మనుషుల మందు ఏసుడు వాళ్ళకు అలవాటే."

ఎదురు అనుమానాలు కూడా తక్కువేం లేవు. "గా తురక సిస్టరు తగ్గిందనకుంట తిప్పుతున్నదంటే ఏదో ఉన్నది. నా కోడలి మీద మందులు పరీక్ష జేసి చూస్తున్నరు" అని బీరమ్మ బావి దగ్గర అంటోందట. బుగ్గమ్మ అత్తను నమ్మదు, అత్త కోడలిని నమ్మదు, ఇద్దరూ సిస్టరును నమ్మరు. మధ్యలో కోట్‌పల్లిలో పిల్ల మేనత్తను అమ్మా అని పిలవడం మొదలుపెట్టింది. ఆ కబురు విన్న రోజు బుగ్గమ్మ నా కిటికీ ఊచలు పట్టుకొని ఏడ్చింది.  నేను ఎప్పటిలాగే బిళ్ళల పొట్లం చేతిలో పెట్టి, ఎప్పుడూ చెప్పేదే చెప్పి పంపాను.

చివరికి గౌసియాబీ నన్ను కూడా కదిలించింది. మా మందుల అలమారులో గోధుమ రంగు నీళ్ళ శీశీ ఒకటి ఉండేది. ఆ బిళ్ళలు మింగేవాళ్ళ మూత్రంలో అది రెండు చుక్కలు వేస్తే ముదురు ఊదాకు తిరుగుతుంది. మింగనివాళ్ళదైతే తిరగదు. "ఆ శీశీ జేబుల ఏసుకొని నాతోని రా. చెప్పకుంట పోదాం. ఇయ్యాల దొంగ దొరకాలె" అంది.

పొద్దున రైలుకు పోయి ధారూర్‌లో దిగి నడిచాం. మమ్మల్ని చూడగానే బీరమ్మ ముఖం ముడుచుకుంది. గౌసియాబీ సంగతి సూటిగా చెప్పింది. బుగ్గమ్మ సిగ్గుతో చచ్చిపోయింది. ఇంకొకరి నీళ్ళు తెచ్చిస్తుందేమోనన్న అనుమానంతో గౌసియాబీ గోడ చాటుకు తానే వెంట పోయింది. ఆ తర్వాత బుగ్గమ్మ తెచ్చిన సీసాలో నేను రెండు చుక్కలు వేశాను.

ఊదాకు తిరిగింది. వంకాయ తొక్కంత ఊదా.

"చూసినవా ఆపా!" అన్నాను. నాకు పట్టలేనంత సంబరం. "మింగుతున్నది. ఒక్క పూట కూడ తప్పుతలేదు. పాపం ఆడమనిషిని ఊకె అనుమానించినవు."

 బుగ్గమ్మ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. బీరమ్మ మాత్రం ఊరుకోలేదు. "అరె, నా కోడలు దొంగనా? నేను దొంగనా? పొద్దున లేస్తే బిళ్ళ, పొద్దూకితే బిళ్ళ. నా కండ్ల ముందట మింగుతది. ఇగనన్న తగ్గింది అను, నా మనుమరాలిని తెచ్చుకుంట!"

గౌసియాబీ ముఖం పాలిపోయింది. ఆమె ఓడిపోవడం నేనెప్పుడూ చూడలేదు. కానీ ఆ మాట ఆమె నోట రాలేదు. నలభై ఒక్క సేర్ల మనిషి ఎదురుగా నిలబడి ఉంటే ఎట్లా వస్తుంది?

ఎంత కోపమున్నా గొర్లకాపరి ఇంటికి వచ్చినవాళ్ళు ఉత్త కడుపుతో పోకూడదు. బీరమ్మ మా ఇద్దరికీ గ్లాసుల నిండా పాలు తెచ్చింది. పైన మీగడ కట్టి ఉంది. అరుగు మీద కూర్చున్నాం. గౌసియాబీ ఆ ఇంట్లో అరుగు దాటి లోపలికి ఎప్పుడూ పోలేదు. పొయ్యి దగ్గరికి పరాయి కులం వాళ్ళు రాకూడదు గదా, ఆమె కూడా ఎప్పుడూ అడగలేదు. ఆ రోజు పొయ్యి దగ్గర పొగ కమ్మిందని బుగ్గమ్మ తన గిన్నె తెచ్చుకొని గడప దగ్గరే కూర్చుంది. జొన్న గట్కా, ఉప్పు, ఒక లోటా నీళ్ళు. అంతే.

గౌసియాబీ గ్లాసు కింద పెట్టింది.

"పాలేవి?"

"నాకొద్దు సిస్టరమ్మా."

"ఎందుకొద్దు? అత్త పోస్తలేదా?"

బీరమ్మ గయ్యిమంది. "నేను పొయ్యనా? ఇంట్ల పాలకు కరువా? అదే ముట్టదు. పెరుగు ముట్టదు, గుడ్డు ముట్టదు, యాట కోసిన దినం కూడ చారే. పత్యం జేస్తున్నది."

"పత్యమా? ఎవరు జెప్పిండ్రు నీకు?"

బుగ్గమ్మ ఏదో తప్పు చేసినదానిలా తల వంచుకొని, గిన్నెలోని చెయ్యి తియ్యకుండానే గడ్డంతో నా వైపు చూపించింది.

"గీ కంపౌండర్ సాబే గద. మందు ఇచ్చినప్పుడల్ల చెప్తడు. 'పత్యం తప్పొద్దు' అని. ఒక్కసారి కూడ తప్పలె సిస్టరమ్మా, నా బిడ్డ మీద ఒట్టు."

నేను నోరు తెరిచాను. చెప్పలేదని అందామనుకున్నాను. కానీ నా చెవుల్లో నా గొంతే వినిపించింది. దగ్గు మందుకైనా, గజ్జి మందుకైనా, విరేచనాల మందుకైనా, పొట్లం చేతిలో పెడుతూ నేను పలికే పలుకు అదొక్కటే. మా నాయిన వైద్యం చేసేవాడు, ఆయన దగ్గర పట్టుబడిన అలవాటు. పోయిరా అన్నట్టుగా అనేవాణ్ణి. ఆమె ఏడ్చిన రోజు కూడా అదే అన్నాను.

"మరి గుట్ట మీద పాలు, గుడ్లు తిన్నవు గద?" అని గొణిగాను.

"గది గుట్ట మందు సాబ్. ఆ మందుకు వాళ్ళు తినుమన్నరు, తిన్న. గిది తాండూరు మందు. మీరు వద్దన్నరు, బంద్ జేసిన. ఎవరి మందుకు వాళ్ళ పత్యం ఉంటది గద?"

 ఏడు నెలలుగా ఆ మనిషి బిడ్డ కోసం మందు మింగింది, నా మాట కోసం కడుపు మాడ్చుకుంది.

 గౌసియాబీ తన పాల గ్లాసు ఎత్తి, బుగ్గమ్మ లోటాలో నీళ్ళు పారబోసి, అందులో ఒంపింది. అన్యకులం చేతి పాలు. బీరమ్మ చూస్తూ ఊరుకుంది. "తాగు బిడ్డా. పత్యం గిత్యం లేదు. తప్పు మాది" అంది గౌసియాబీ. బుగ్గమ్మ ముందు అత్త వైపు చూసింది, తర్వాత నా వైపు. నేను తలూపాకనే తాగింది. అంత జరిగాక కూడా నేను తలూపడం కోసం చూసిందే, అందుకే నాకు సిగ్గుతో ప్రాణం పోయినంత పనైంది.

ఇద్దరం స్టేషన్‌కు నడిచాం. బల్ల మీద కూర్చున్నాక నేనే, "తిట్టు ఆపా, ఊకుండకు" అన్నాను.

ఆమె పట్టాల వైపు చూస్తూ చెప్పింది. "దాన్ని అనుమానించిన. దాని అత్తను, మొగణ్ణి, ఆఖరికి గొర్లను కూడ అనుమానించిన. నిన్నొక్కణ్ణే నమ్మిన రాజేందర్."

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఆ సామెత ఎవరన్నా నాకిప్పటికీ ఆ బల్లే గుర్తొస్తుంది.

ఆమె మళ్ళీ అంది. "నాది కూడ తప్పే. పోయినప్పుడల్ల దగ్గు తగ్గిందా, జరం తగ్గిందా అని రోగం ముచ్చటే అడిగిన. ఏం తిన్నవు బిడ్డా అని ఒక్కనాడన్న అడగలె." సంచిలోంచి నోటుబుక్కు తీసి మొదటి పేజీ చూసుకొని మళ్ళీ పెట్టేసుకుంది.

బుగ్గమ్మ మరుసటి ఎండాకాలానికి నలభై తొమ్మిది సేర్లు తూగింది. కాటా మీద మూడుసార్లు నిలబెట్టాక గౌసియాబీ ఊళ్ళోకి నడిచింది. నేనూ వెంట పోయాను. కోట్‌పల్లి నుంచి జంగమ్మను తెచ్చారు. పిల్ల అవ్వ కొంగు పట్టుకొని, తల్లిని పరాయిదాన్ని చూసినట్టు అనుమానంగా చూసింది. దగ్గరికి పోవద్దని ఏడాదిన్నర పాటు నూరిపోసిన పిల్ల అది.

"గామెకు తగ్గిందా?" అని అవ్వను అడిగింది. బీరమ్మ సిస్టరమ్మ వైపు చూసింది. వాకిట్లో అందరం చూశాం.

"తగ్గుడు కాదు బిడ్డా," అంది గౌసియాబీ. "మంచిగున్నది. మీ అమ్మ మంచిగున్నది. నేను చూసిన."

ఎనిమిదేళ్ళ నేస్తంలో ఆమె నోట ఆ మాట నేను వినడం అదే మొదలు. పిల్ల వెంటనే పోలేదు. కొంగు వదలడానికి చాలాసేపు పట్టింది. వదిలాక మాత్రం పరుగెత్తింది.

ఆ తర్వాత గౌసియాబీ ఏ ఇంటికి పోయినా ముందు ఏం తిన్నారని అడిగేది. చెప్పింది నమ్మక కుండ మూత తీయించి చూసేది. ఆమె ఉద్యోగం చేసినన్నాళ్ళూ, నేను మందు ఇచ్చే వేళకు పట్టీలు చుట్టే పని పెట్టుకొని నా కిటికీ పక్కన వచ్చి నిలబడేది. పట్టీలు చుట్టడానికి కాదని నాకు తెలుసు. ఆమెకు వినపడేలా గొంతు పెంచి ఒక్కొక్కరికీ చెప్పేవాణ్ణి: "పాలు తాగు, గుడ్డు తిను, మందు మానకు." చెప్పి ఆమె వైపు చూసేవాణ్ణి. ఆమె తల ఎత్తేది కాదు. తర్వాతి మనిషి వచ్చేదాకా అక్కడే నిలబడేది.