గాజుల పెట్టెలో గోటీలు

పాతబస్తీ జహనుమాలో మా ఉస్తాద్ ఆటో షెడ్డును రోడ్డు వెడల్పు చేసేవాళ్లు రెండుసార్లు టేపు పెట్టి కొలిచి, ఎందుకో వదిలేశారు. వానాకాలం నీళ్లు మోకాలి దాకా వచ్చి, ఒకసారి లోపలికి చూసి వెళ్లిపోయాయి. వాళ్ల వల్ల కానిది నేను ఒక గాజుల పెట్టెతో చేసి చూపించాను. ముప్పై ఐదేళ్లుగా నడుస్తున్న ఒక మనిషి చేతిపనిని ఒక్క పొద్దున ఆపేశాను. అదీ ఆయనకు మేలు చేద్దామని. నవ్వుతూ చదవండి. మధ్యలో ఎక్కడైనా నవ్వు ఆగిపోతే ఆ తప్పు నాది.

అప్పుడు నాకు ఇరవై ఏడేళ్లు. ఖాదర్ ఉస్తాద్ దగ్గర పని మొదలుపెట్టి ఎనిమిదేళ్లయింది. నట్టు తలకు టోపీలా తొడిగి తిప్పే ఇనుప ముక్కను కంపెనీవాళ్లు సాకెట్ అంటారు, మా షెడ్డులో గోటీ అంటాం. నట్టు సైజును బట్టి గోటీ, గోటీ మీద నంబరు. ఉస్తాద్ గోటీలన్నీ బేకరీ వాళ్ల పాత రేకు డబ్బాలో ఉండేవి. ఉండేవి అంటే, ఫంక్షన్ హాలు బయట చెప్పులు ఎలా ఉంటాయో అలా. ఎనిమిది పక్కన ఇరవై నాలుగు, దాని మీద పన్నెండు. వాటి మధ్యలో టైరు ట్యూబు ముక్క, వంచిన సైకిల్ పుల్ల, కోటు గుండీ ఒకటి, సగం విరిగిన ఆకుపచ్చ గాజు. ఆ డబ్బాను ముట్టుకునే హక్కు ఎవరికీ లేదు. నాకు నా సొంత చిన్న సెట్టు ఉండేది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఆ చివరి రెండేళ్లలో ఉస్తాద్ నాకు పెద్ద పనులు అప్పజెప్పడం మొదలుపెట్టాడు. "వైరింగ్ నువ్వు చూడు నర్సింగ్" అనేవాడు. బండి ట్రయల్ కొట్టమంటే "నువ్వే పోయిరా" అనేవాడు. ఎవరైనా కాగితం తెస్తే "నువ్వు సదువు, నేను ఇంట" అనేవాడు. నేను ఇంటికెళ్లి మా ఆవిడతో, ఉస్తాద్‌కు నా మీద మస్తు భరోసా, రేపో మాపో షెడ్డు నాదే అన్నాను. ఆమె ఆ రోజు కోడికూర వండింది. అంత మేధావిని నేను.

అదే రోజుల్లో ఫోనులో వీడియోలు చూసే జబ్బు పట్టుకుంది. ఎక్కడో చల్లటి దేశాల్లో, నేల మీద నూనె చుక్క లేని షెడ్లలో, సాకెట్లు చిన్నదాని నుంచి పెద్దదాని దాకా బడిపిల్లల్లా వరసలో నిలబడి ఉండేవి. అవి చూసి మా రేకు డబ్బా చూస్తే కడుపు మండేది. ఉస్తాద్ మేనకోడలి పెళ్లికని రెండు రోజులు బీదర్ వెళ్లాడు. ఆ రెండు రోజులు నాకు చాలు.

నేరుగా లాడ్ బజార్‌కు వెళ్లి గాజుల పెట్టెలమ్మే దుకాణంలో నిలబడ్డాను. లోపల ఎర్ర మఖమల్, మూడు అడ్డ వరసలు, పైన మూత. పెళ్లికూతురి గాజులకనుకుని దుకాణం పెద్దాయన అడిగాడు.

"దుల్హన్ చెయ్యి సైజ్ ఎంత భాయ్?"

"దుల్హన్ లేదు చాచా. ఎనిమిది నంబర్ కెంచి ముప్పై రెండు దాకా అన్నీ పట్టాలె."

ఆయన నన్ను పైనుంచి కిందికి చూశాడు. "ఎంతమందిని చేసుకుంటున్నవ్ బేటా?"

మఖమల్ దిండ్లు పీకేసి వాటి చోట సన్నని ఇనుప చువ్వలు బిగించాను. గోటీలన్నీ కిరసనాయిలుతో కడిగి, గాజుల్లాగే వరసగా తొడిగాను. ఒక్కొక్క దాని కింద తెల్ల స్టిక్కరు, దాని మీద నల్ల సిరాతో నంబరు. ముందు, తర్వాత అని ఫోనులో వీడియో కూడా తీశాను. రేకు డబ్బాను, అందులో మిగిలిన చెత్తతో సహా, పాత ఇనుము కొంటూ బండి తోసుకుపోతున్న కబాడీవాడికి ఇచ్చేశాను. వాడు వద్దన్నా ఇచ్చాను.

మూడో రోజు పొద్దున ఉస్తాద్ వచ్చాడు. టోపీ తీసి మేకుకు తగిలించాడు. ఎప్పటిలాగే బల్ల మీద ఎడమ చేతివైపు చెయ్యి వేశాడు. చెయ్యి తెరిచిన పెట్టెలోని మఖమల్ మీద పడింది. చటుక్కున తీశాడు.

"ఏందిరా ఇది? పిల్లి పండుకున్నదా ఈడ?"

నేను పగలబడి నవ్వాను. నా ఉస్తాద్ ఎంత హాస్యగాడో అనుకున్నాను. అది హాస్యం కాదని తెలియడానికి నాకు ఇంకో పావుగంట పట్టింది.

"నీ కోసమే ఉస్తాద్. గోటీలన్నీ లైన్ల పెట్టిన. ఇగ దేవులాడుడే లేదు."

"నా డబ్బా ఏది?"

"కబాడీకి ఇచ్చిన."

"అండ్లున్న సామాను?"

"గోటీలన్నీ ఈడనే ఉన్నయి. మిగతాదంత కచ్రా."

ఆయన పెట్టె అంచును వేలితో తడిమాడు. తర్వాత "అచ్ఛా" అన్నాడు. నేను దాన్ని మెచ్చుకోలుగా రాసుకున్నాను.

అంతలో యాదగిరన్న పాల ఆటో వచ్చింది. హుస్సేనీ ఆలంలో చాయ్ హోటళ్లకు పాలు పోసే మనిషి, ఇరవై ఏళ్లుగా ఉస్తాద్ చెయ్యి తప్ప ఇంకో చెయ్యి తన బండి మీద పడనివ్వడు. వెనక చక్రం బిరేకు పట్టేసింది. బండి నిండా పాల క్యాన్లు, పైన ఎండ.

"భాయ్, జెర జల్ది చెయ్. పాలు ఇరిగినయంటే హోటలోళ్లు నా పాణం తీస్తరు."

"ఫికర్ చెయ్యకు, కూసో" అని ఉస్తాద్ చక్రం దగ్గర కూర్చున్నాడు. పెట్టె పక్కన పెట్టుకున్నాడు. ఒక గోటీ తీశాడు. నట్టుకు పట్టలేదు. ఇంకోటి తీశాడు. వదులు. మూడోది, నాలుగోది. తీసినవి కిందపెట్టి మళ్లీ వాటినే తీస్తున్నాడు. షెడ్డులో ఉన్న మరో ఇద్దరు ఆటోవాళ్లు లేచి వచ్చి నిలబడ్డారు. నాకు కోపం వచ్చింది. ఇంత కష్టపడి రాసిన నంబర్లకు ఇంతేనా మర్యాద అని.

"నడిమి లైన్ చూడు ఉస్తాద్. కింద నంబర్ రాసుంది గద, సదువు."

ఆయన పెట్టెను ముఖం దగ్గరికి తెచ్చుకున్నాడు. దూరం పెట్టాడు. వెలుతురు వైపు తిప్పాడు. తలకిందులుగా తిప్పాడు. ఒకదాని మీద వేలు పెట్టి, "సత్రా" అన్నాడు, పదిహేడని.

"సత్రా కాదు ఉస్తాద్, బాయీస్, ఇరవై రెండు. గంత పెద్దగ రాసిన, కనవడ్తలేదా?"

ఇంకా నవ్వుతూనే ఉన్నాను చూడండి. ఆ మాట నా నోట్లోంచి బయటికొచ్చాక, చుట్టూ ఎవరూ నవ్వడం లేదని తెలిసింది. యాదగిరన్న ఉస్తాద్ ముందు వంగి, మూడు వేళ్లు చూపించాడు.

"భాయ్, ఇవి ఎన్ని?"

"నీ వేళ్లు నువ్వే లెక్కవెట్టుకో, యాదగిరీ."

"చెప్పరాదు భాయ్. సాయంత్రం నా తమ్ముడు నడుపుతడు గీ బండి, బిరేకు పక్కాగ ఉండాలె."

ఉస్తాద్ చక్రం వైపు తిరిగాడు. చేతిలో ఉన్న గోటీని చువ్వకు తొడగబోయాడు. చువ్వ దొరకలేదు.

యాదగిరన్న నా వైపు తిరిగి మెల్లగా అన్నాడు. "నర్సింగ్, నువ్వే బిగియ్యి."

బిగించాను. నేను చేసిన ఘనకార్యాల్లో ఇది కూడా రాయాలి: ఇరవై ఏళ్ల గిరాకీ నా చేతికి వచ్చిందని, ఆ నట్టు తిప్పుతుండగా మనసులో ఒక మూల సంతోషపడ్డాను. ఉస్తాద్ గుడ్డతో చేతులు తుడుచుకుంటూ నిలబడ్డాడు. వాటికి ఇంకా మురికే అంటలేదు.

షుగరు వల్ల కంటి నరం ఎండిపోతోందని, ఆపరేషన్‌తో బాగయ్యేది కాదని డాక్టరు ఆయనకు ఎప్పుడో చెప్పాడట. ఆయన ఎవరికీ చెప్పలేదు. ఆ మాట షెడ్డు దాటి చాయ్ హోటళ్ల దాకా వెళ్లడానికి నాలుగు రోజులు పట్టింది. వచ్చినవాళ్లందరూ "నర్సింగ్ ఉన్నడా?" అని అడగడం మొదలుపెట్టారు. ఉస్తాద్ కొన్నాళ్లు స్టూలు మీద కూర్చున్నాడు. ఒక రోజు రాలేదు. షెడ్డు నిజంగానే నాదైంది. మా ఆవిడ కోడికూర వండలేదు.

మంచే చేశావు, చూపు లేనివాడు బిరేకులు బిగించడమేంది అన్నవాళ్లున్నారు. ఆ మాట నేను కూడా నాకు చాలాసార్లు చెప్పుకున్నాను. కానీ ఆ పని నేను బిరేకుల కోసం చేయలేదు, వీడియో కోసం చేశాను. ఆయన నాతో చెప్పి ఉంటే వైర్లు, బిరేకులు నేను చూసుకునేవాణ్ని, చేతికి తెలిసిన పనులు ఆయన చేసుకునేవాడు. ఆ దారి నేనే మూసేశాను, నలుగురి ముందు.

నెల తర్వాత అలాంటి రేకు డబ్బానే ఒకటి వెతికి పట్టుకుని, గోటీలన్నీ అందులో పోసి, ఉస్తాద్ ఇంటికి తీసుకెళ్లాను. "ఎట్లుండెనో అట్ల పెట్టు ఉస్తాద్. చిన్న పనులు నీకే పంపిస్త" అన్నాను.

ఆయన డబ్బాలో చెయ్యి పెట్టి చాలాసేపు కలిపాడు.

"గాజుముక్క ఏది?"

"కబాడీల పోయింది."

"అది మీ రహీమా ఖాలాది. దాని పక్కకు బాయీస్ ఉండె. గుండీ కాడికెంచి చిన్నయి. ట్యూబు ముక్క దాటితె పెద్దయి."

"మళ్ల పెట్టుకుందాం ఉస్తాద్. కొత్త గాజు తెస్త."

"ముప్పై ఏండ్లు పెట్టుకుంట పోయిన నర్సింగ్. నాకు యాద్ లేదు, చెయ్యికి ఉండె. ఇప్పుడు దానికీ లేదు."

కోప్పడలేదు. కోప్పడి ఉంటే ఈ జ్ఞాపకం ఇంకొంచెం నవ్వుగా రాసేవాణ్నేమో.

ఆ గాజుల పెట్టెను ఆయన భార్య రహీమా ఖాలా అడిగి తీసుకుంది. మఖమల్ బాగుందట. పోయిన వారం వెళ్తే అది ఉస్తాద్ మంచం పక్కనే ఉంది. మూత తీసి ఉంది. లోపల ఆయన మందులు. పొద్దుటి గోలీల పక్కన చింతగింజ. షుగరు గోలీల మీద చెమ్చా. రాత్రివాటికి రబ్బరు బ్యాండు. అన్నీ అడ్డదిడ్డంగా, ఫంక్షన్ హాలు చెప్పుల్లా. పక్కన కూర్చుని చూస్తున్నానంతే. వేళ్ల చివర దురద మొదలైంది.

ఉస్తాద్ గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. అటు నుంచే అన్నాడు.

"నర్సింగ్. చెయ్యి జేబుల వెట్టుకో."

అందువల్ల ఇది చదివే పెద్దలందరి సమక్షంలో ప్రమాణం చేస్తున్నాను. ఇక మీదట ఎవరి డబ్బా, ఎవరి పెట్టె, ఎవరి అలమార సర్దను. మా ఇంట్లో ఉప్పు డబ్బాలో చక్కెర ఉంటే ఉప్పు చాయే తాగుతాను. కచ్రా కనిపిస్తే, అది ఎవరి కళ్లో అడిగి గానీ ముట్టుకోను. ఇదంతా రాసింది కుడి చెయ్యి. ఎడమది ఇప్పటికీ జేబులోనే ఉంది.