గోల్ ముందు నిలబడ్డ యూసుఫ్

రాజంపేట ఎండల్లో పుట్టినవాడు కువైట్‌లో మంచుమీద బతికాడంటే ఎవరూ నమ్మరు. కానీ ఎండ మండేచోటే మనిషి చల్లదనం కోసం ఎంతకైనా తెగిస్తాడు; నేను తిరిగిన దేశాలన్నిట్లో కనిపించిన సంగతే అది. నాగేంద్రప్రసాద్ స్కేటింగ్ హాల్లో మంచు చదును చేసే పనికి వచ్చాడు. ఒకనాడు ఐస్ హాకీ జట్టుకు గోల్‌కీపర్ రాకపోతే, నవ్వులాటకి ఇతన్ని నిలబెట్టారు. రబ్బరు బిళ్ల ఒక్కటీ లోపలికి పోలేదు. అప్పట్నుంచి జీతానికి ఆడాడు. మోకాలు విరిగాక అదే జట్టుకు కోచ్ అయ్యాడు. అరబ్ కుర్రాళ్లను తెలుగులోనే తిట్టి ఆట నేర్పేవాడు. తెలుగులోనే ఎదురు చెప్పేవాడు మాత్రం ఒక్కడే, కఫీల్ కొడుకు, అంటే వీసా ఇచ్చిన యజమాని కొడుకు, యూసుఫ్. వాణ్ని ఎత్తి పెంచింది ఆ ఇంట్లో ఆయాగా చేసిన రాయచోటి మద్దమ్మ మరి.

తొంభై ఆగస్టులో ఇరాక్ సైన్యం దిగింది. కువైటీ కుర్రాళ్లను ఇళ్లలోంచి పట్టుకుపోతున్నారు. కఫీల్ కుటుంబం సౌదీకి దాటిపోయింది. వెనకబడిపోయిన యూసుఫ్ హాల్లో కోచ్ దగ్గర తలదాచుకున్నాడు. ఒక మధ్యాహ్నం గేటు దగ్గర లారీ ఆగింది.

"మంచు మిషన్ ఎనక దూరతా సారూ!"

"వొద్దబ్బీ. దాక్కున్నోణ్ని చూస్తే ఆడనే కాలుస్తారు. ముసుగు తగిలించుకోని గోల్లో నిలబడు. నువ్వు మా ఊరోడివి."

సైనికులు లోపలికొచ్చారు. "హిందీ?" అన్నాడు ముందున్నవాడు, ఇండియావాళ్లేనా అని.

"ఇద్దరమూ." నాగేంద్రప్రసాద్ తన నివాస కార్డు, ఇఖామా, చూపించాడు. "వీడిది కఫీల్ బీరువాలో ఉండిపోయింది. కఫీల్ పారిపోయాడు."

కువైట్‌లో పనివాళ్ల కాగితాలు ఉండేది అక్కడే. సైనికుడు సగం నమ్మాడు. "ముసుగు తియ్యమను. మీ భాష మాట్లాడమను."

యూసుఫ్ ముసుగు తీశాడు. పెదవులు కదిలాయి, మాట రాలేదు. తుపాకీ గుండెల దాకా లేచింది.

బెదిరినవాణ్ని బతిమాలితే నోరు ఇంకా బిగుసుకుంటుంది. కోచ్ కర్రతో మంచుమీద ఫట్‌మని కొట్టాడు.

"ఏమిరా దున్నపోతా! మోకాలు వొంచమని ఎన్ని తూర్లు జెప్పల్ల నీకు? దిష్టిబొమ్మ మాదిరి నిలబడుకోనుండావే!"

రోజూ తినే తిట్టే. రోజూ లాగే జవాబు తన్నుకొచ్చింది.

"నువ్వు నిలబడు సూద్దాం సారూ! కరెంటు పోయి మంచంతా నీళ్లాయ, కాలు జారతాండాది. పొద్దన్నుంచి కూడన్నా పెడితివా?"

సైనికుడు ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూశాడు. తుపాకీ దించాడు. "ఖలాస్. యల్లా" అన్నాడు తనవాళ్లతో, అయిపోయింది పదండని.

లారీ చప్పుడు దూరమయ్యాక కోచ్ తడి మంచుమీద అట్లాగే కూలబడ్డాడు.

"నన్ను వొంచమని నువ్వే వొంగిపోతివే సారూ," యూసుఫ్ నవ్వబోయాడు.

రోడ్డు మలుపులో మళ్లీ ఇంజను మోత.

"ముసుగు తగిలించుకోరా," అన్నాడు నాగేంద్రప్రసాద్, కర్ర ఊతంగా లేస్తూ.